ముప్పై రెండు మొనల దుప్పి

డెస్ హానఫిన్ కథ మొదలుపెట్టాడంటే వానైనా ఆగచ్చు గానీ అతను ఆగడని న్యూజిలాండ్ పడమటి తీరంలో మా ఊరివాళ్లందరికీ తెలుసు. ఆ రోజు మాత్రం వానా డెస్సూ ఒకరితో ఒకరు పంతం పట్టి మరీ కురిశారు.

ఏప్రిల్ నెల, మగదుప్పులు జత కోసం కొండల్లో రంకెలు వేసే కాలం. మామూలు రోజుల్లో మా సర్కారు కొండల్లోకి లైసెన్సున్నవాళ్లెవరైనా తుపాకీ భుజాన వేసుకుని పోవచ్చు. ఈ రంకెల కాలంలో మాత్రం ఒకరి తూటాకి ఒకరు అడ్డం పడకుండా చీటీలు తీసి లోయకొక జట్టుని పంపుతారు. చీటీ తగిలినవాళ్లు మా షెడ్డుకొచ్చి, మబ్బు ఎప్పుడు లేస్తుందా, మొయిరా హెలికాప్టర్ ఎప్పుడు తీస్తుందా అని టీలు తాగుతూ కూర్చుంటారు. మొయిరా హెలికాప్టర్ నడుపుతుంది. నేను దాని మరమ్మతులు చూస్తాను. హెనారే వేటగాళ్ల సామాను వలల్లో కట్టి హెలికాప్టర్ కింద తగిలిస్తాడు.

ఈ హెనారే పోయినేటి దాకా మా అందరిలోకీ పెద్ద వేటగాడు. ఒంటరిగా పోయేవాడు, ఒట్టి గొంతుతో రంకె వేసి దుప్పిని ఎదురుగా రప్పించేవాడు. ఈ ఏడు చీటీ కూడా వేయలేదు, తుపాకీ అమ్మేశాడని కూడా విన్నాం. ఎందుకురా అంటే నడుము నొప్పి అంటాడు. ఆ నడుముతోనే రోజూ ఆయిలు పీపాలు ఎత్తుతాడు.

ఆ రోజు మిగిలిపోయిన జట్టు ఒక్కటే. డెస్, అతని అల్లుడు ఎల్లిస్. ముసలాణ్ని ఒంటరిగా కొండకి పంపేది లేదని కూతురు బ్రిడీ మొండికేసి తన మొగుణ్ని తోడిచ్చింది. ఎల్లిస్ బేకరీ నడుపుకునే మనిషి. కొత్త తుపాకీ, కొత్త బూట్లు, అందరికీ సరిపడా మాంసం కూరి కాల్చిన వేడి వేడి పైలు పెట్టెలో పెట్టుకుని వచ్చాడు. వచ్చినప్పట్నుంచీ కొండకేసి చూస్తున్నాడే గానీ ఒక్క పై కూడా తను తినలేదు.

"మామా, అక్కడ నాకేమీ తెలీదు. ఏం చెయ్యాలో ముందే చెప్పు," అన్నాడు పాపం.

ఇంకేముంది. డెస్ టీ కప్పు కింద పెట్టాడు.

"చూడల్లుడూ, గొప్పలు చెప్పుకోవడం నాకు చిన్నప్పట్నుంచీ గిట్టదు, నేను చేసింది కూడా పెద్ద ఘనకార్యమేం కాదు, పోయినేడు ఒక్క గిట్ట ముద్ర చూశానంతే, అక్కడ మొదలైంది. వేటంటే తుపాకీ అనుకుంటారు తెలివితక్కువ వాళ్లు. వేటంటే జాడ. దుప్పి రంకెలేసేది ఏప్రిల్లో అయితే మనం ఫిబ్రవరిలోనే పోయి గట్టు మీద బోర్లా పడుకుని, బైనాక్యులర్ కళ్లకి పెట్టుకుని, అది ఎక్కడ మేస్తోంది, ఎక్కడ పడుకుంటోంది, ఏ బురదగుంటలో పొర్లుతోంది, అన్నీ దాని పెళ్లానికన్నా మనకే ఎక్కువ తెలిసేట్టు చూసుకోవాలి. నాకు చీటీలో వచ్చింది కర్రన్ వాగు. వాగు పొడుగునా ఎక్కి తల దగ్గరికి పోయాను, ఏమీ లేదు, సరే కదా అని గట్టు దాటి అవతలికి దిగితే, ఉంది చూడు ఒక లోయ! మనిషి కాలు పెట్టింది కాదు. ఏ పటంలోనూ లేదు."

"హాలిగన్ లోయ," అంది మొయిరా. "పటంలో ఉంది. రేకుల గుడిసె ఉంది. గుడిసె వెనకాల మరుగుదొడ్డి కూడా ఉంది."

"ఉంటుందమ్మా, ఉంటుంది, మనుషులు పారిపోయేటప్పుడు గుడిసెలూ దొడ్లూ వెంట తీసుకుపోతారా ఏంటి? సరే, ఆ లోయలో బురదగుంట పక్కన చూశాను అల్లుడూ ఆ ముద్ర. నా అరచేయంత ఉంది."

"అరచేయంతా?" ఎల్లిస్ తన అరచెయ్యి చూసుకున్నాడు.

"అరచేయి అని ఎందుకన్నానంటే నువ్వు మొదటిసారి వస్తున్నావు, జడుసుకుంటావని. నిజానికి అన్నం పళ్లెమంత ఉంది. అందులో బూటుతో సహా కాలు పెట్టి చూశాను, ఇంకో కాలు పెట్టాను, కూర్చున్నాను కూడా. మర్నాడు వాన పడి దాన్నిండా నీళ్లు నిలిస్తే ఒక బాతు, దాని వెనకాల పిల్లలు, ఇటునుంచి అటు ఈదుతున్నాయి. ఇంకా చెట్లు! దుప్పి కొమ్ములు దురద పెట్టి చెట్లకి రుద్దుకుంటుంది కదా, బెరడు ఎంత ఎత్తున లేచిందో చూసి దాని పొడవు చెప్పచ్చు. నేను తలెత్తి చూశాను, ఇంకా ఎత్తాను, టోపీ వెనక్కి పడిపోయింది. బెరడు అక్కడ లేచి ఉంది! ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"ఇంటికొచ్చేశావు," అంది మొయిరా.

"వచ్చేశాను. ఏప్రిల్ దాకా నిద్రపోతే ఒట్టు. ఏప్రిల్లో మళ్లీ అదే లోయకి పోయాను. ఒంటరిగా. ఎవరొస్తారు నాతో? ఆ పొద్దున చూడు, పొగమంచు. ఇదిగో ఈ వాన మబ్బు లాంటిది కాదు, చెయ్యి చాపితే నా చెయ్యే నాకు కనపళ్లేదు, తిరిగొచ్చిందో లేదో లెక్క చూసుకోవాల్సొచ్చింది. బురదగుంటకి ఈవలి ఒడ్డున పొదలో నక్కి కూర్చున్నాను. నా రంకె బూర తెలుసుగా, మురుగు పైపు ముక్క, దాన్ని మూతికి పెట్టి ఒక్కటి వదిలాను. హూఊఊ ఆఆర్ర్! వదిలి చెవి పెట్టాను. లోయంతా నిశ్శబ్దం. అంత నిశ్శబ్దం నువ్వెప్పుడూ విని ఉండవల్లుడూ. నీళ్ల చప్పుడు లేదు, పిట్ట లేదు. ఎవరో నన్ను చూస్తున్నారు. కళ్లెక్కడున్నాయో తెలీదు గానీ చూస్తున్నారు. మెడ మీద వెంట్రుకలు ఒక్కొక్కటే లేచి నిలబడుతున్నాయి, నేను లెక్కపెడుతున్నాను."

"భయమేసిందా మామా?"

"నాకా? నాకెందుకు భయం! భయపడ్డవి నా మోకాళ్లు. అవి అప్పుడూ ఇప్పుడూ నా మాట వినవు. సరే, అప్పుడు వచ్చింది జవాబు. అవతలి ఒడ్డు నుంచి. ఎలా ఉంటుందో చెప్పనా? మామూలు దుప్పి రంకె కాదది. పొడుగ్గా లేచి, లేచి, పైన విరిగి, చివర రెండు దగ్గులు. హూఊఊఊ ఆఆఆ... ఖళ్, ఖళ్! అలా అన్నమాట. గట్టు అవతల కర్రన్ వాగులో నా గుడిసె మీద రేకులు మేకులూడదీసుకుని ఎగిరాయి. కీయా చిలకలు లేవూ, మన బండి అద్దాల రబ్బరు పీక్కుతినే దొంగ ముండలు, అవి దేనికీ జడవవు కదా, అవన్నీ వచ్చి నా గుడిసెలో దూరి లోపల్నుంచి తలుపు గడియ పెట్టుకున్నాయి."

షెడ్డులో అందరం నవ్వాం. ఎల్లిస్ కూడా కొంచెం నవ్వాడు. హెనారే మూలన వల తాడు చుట్ట చుడుతున్నాడు. ఆ రంకె విన్నాక అతని చేతిలో తాడు కదల్లేదు. నేను పెద్దగా పట్టించుకోలేదు.

"నవ్వండర్రా, నవ్వండి. అక్కడుంటే తెలిసేది. నేను మళ్లీ వేశాను, అది మళ్లీ వేసింది. నేను వేస్తాను, అది వేస్తుంది. ఒక్కో రంకెకీ దగ్గరికి జరుగుతోంది. నేను ఆపితే అదీ ఆపేస్తుంది. నేను చిన్న పుల్ల విరిస్తే అదీ ఒక పుల్ల విరుస్తుంది. నాకు మాత్రం కాళ్లల్లోంచి చల్లగా పైకి పాకుతోంది. ఎందుకంటే అల్లుడూ, జంతువు నీ వైపు వస్తే ఒక రకం. నువ్వేం చేస్తే అది చేసే జంతువు వస్తే, అది ఇంకో రకం."

అతని గొంతు తగ్గింది. కోతలు కోసేటప్పుడు డెస్ గొంతు పెరుగుతుందే గానీ తగ్గదు. వాన రేకుల మీద కొడుతుంటే ఎల్లిస్ కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

"గాలి దాని వైపు నుంచి నా వైపు వీస్తోంది. వాసన తగిలింది. ఏం వాసనో తెలుసా? పొగాకు."

"దుప్పి దగ్గర పొగాకు వాసనేంటి మామా?"

"నేనూ అదే అనుకున్నాను! తర్వాత తట్టింది. అంతకు ముందే ఎవణ్నో వేటగాణ్ని మింగేసుంటుంది, జేబులో పొట్లంతో సహా!"

మళ్లీ నవ్వులు. ఈసారి మొయిరా నవ్వలేదు. హెనారే చెవి మీద ఎప్పుడూ ఉండే చుట్టిన సిగరెట్టు వైపు ఒక్కసారి చూసి, చూపు తిప్పేసుకుని, టీ కెటిల్ ఎత్తింది.

"డెస్, ఇంక చాల్లే. టీ పోయమంటావా?"

"పొయ్యమ్మా, కథ మాత్రం ఆగదు. ఇప్పుడు అసలుది. మంచులో ఒకచోట కొంచెం పల్చబడింది. అందులో కనిపించింది. కొమ్ములు. మొనలు లెక్కపెట్టాను. పన్నెండు, పద్నాలుగు, పద్దెనిమిది, ఇరవై నాలుగు, ఒక పక్కే! మొత్తం ముప్పై రెండు!"

"ఒక పక్కే ఇరవై నాలుగైతే మొత్తం ముప్పై రెండెలా?" అన్నాను నేను.

"రెండో పక్క కొంచెం అరిగింది. నక్షత్రాలకి రాసుకుని. మధ్యలో మాట్లాడకు. ఒక మొన మీద డేగ గూడు పెట్టుకుంది, ఇంకో మొనకి ఎవరిదో టెంటు చిక్కుకుని ఉంది, దాని తాళ్లు గాలికి ఊగుతున్నాయి. అది కాలు నేలకేసి కొడితే వాగు వెనక్కి పారింది, నేను నా కళ్లతో చూశాను, చేపలు తోక ముందు పెట్టుకుని ఎదురొచ్చాయి. సరే, ఇంక ఆలోచించేదేముంది? మళ్లీ మంచు కమ్ముకుంది. పొద కదిలింది. రంకె వినిపించింది. అంతే. చూపు లేదు, గురి లేదు. శబ్దానికే కాల్చాను! ధన్!"

అతను బల్ల మీద గట్టిగా చరిచాడు. పైల పెట్టె ఎగిరింది.

"తూటా పోయి మొదటి మొనకి టంగుమంది. దాన్నుంచి ఎగిరి రెండోదానికి టింగ్, మూడోదానికి టంగ్, అలా ముప్పై రెండిటికీ వరసన తగిలి, ఆదివారం చర్చి గంటల్లా మోగించి, ఇంక ఎటు పోవాలో తెలీక, వచ్చిన దారినే తిరిగొచ్చి నా తుపాకీ గొట్టంలో దూరి కూర్చుంది."

"అందుకా," అంది మొయిరా, "పట్టుకెళ్లిన తూటాలు ఒక్కటీ తగ్గకుండా తిరిగొచ్చాయి?"

"అందుకే మరి! ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఇది మాత్రం నవ్వకండి. ఇది మాత్రం నిజం. మంచులో నల్లగా దాని ఆకారం కనిపించింది. అంత పెద్ద జంతువు, నన్ను చూసి, నా ముందు మోకరిల్లింది. ముందు కాళ్లు మడిచి, తల దించుకుని, కూలబడిపోయింది. చాలాసేపు అలాగే ఉంది. నేను కదల్లేదు. తర్వాత లేచి, వెనక్కి వెనక్కి నడిచి మంచులో కలిసిపోయింది. వీరుణ్ని వీరుడు గుర్తుపడతాడల్లుడూ."

ఆ మోకరిల్లడం చెప్పేటప్పుడు డెస్ ముఖంలో కోత లేదు. అతనే దాన్ని గమనించినట్టు గబగబా గొంతు పెంచేశాడు.

"కాబట్టి నువ్వు నేర్చుకోవాల్సింది ఒక్కటే. కంటికి కనపడేదాకా ఆగావా, అయిపోయావే! అంత మంచులో కళ్లెందుకు? పొద కదిలిందా, రంకె వినపడిందా, కాల్చెయ్. తర్వాత పోయి చూసుకోవచ్చు ఏంటన్నది."

ఎల్లిస్ బుద్ధిగా తలూపాడు. "పొద కదిలి, రంకె వినపడితే కాల్చాలి. సరే మామా, గుర్తుంచుకుంటాను."

అతను తలూపిన తీరు నాకు నచ్చలేదు. కేకు ఎంతసేపు పొయ్యిలో ఉంచాలో విన్నట్టు విన్నాడు. చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి అతను. రేపు పొద్దున అదే కొండ మీద, అదే మంచులో, ఆ కొత్త తుపాకీ పట్టుకుని ఉంటాడు, అతనికి నాలుగడుగుల దూరంలో పొదలో డెస్ ఉంటాడు. ఇది కోతల కథ అని అతనికి చెప్పాలి, ఎలా చెప్పాలో తెలీక మొయిరా వైపు చూశాను. ఆమె నా వైపే చూస్తోంది.

"ఆ మూలన మనవాడున్నాడే, హెనారే," అని డెస్ ఇంకా సాగదీశాడు, "వాడిలా ఆలోచిస్తూ కూర్చుంటే ఇదిగో ఇలాగే సామాన్లు మోసుకోవాలి. నడుమట, నడుము! ఏరా హెనారే, నిజం చెప్పు, పట్టేసింది నడుమా, గుండెకాయా? భయంరా నీకు!"

"అవును," అన్నాడు హెనారే. "భయమే."

తాడు కింద పెట్టి వచ్చాడు. ఎల్లిస్ ముందు నిలబడ్డాడు. రెండు చేతులూ మూతికి దొప్పలా పట్టి, కళ్లు మూసుకుని, రంకె వేశాడు.

పొడుగ్గా లేచింది. లేచి, లేచి, పైన విరిగింది. చివర రెండు దగ్గులు, సిగరెట్టు మనిషి దగ్గులు. షెడ్డు రేకులు నిజంగానే మోగాయి.

డెస్ చేతిలో టీ ఒలికింది. తుడుచుకోలేదు.

"నీ దుప్పి ఇలా అరిచిందా డెస్?" అన్నాడు హెనారే.

డెస్ కప్పు బల్ల మీద పెట్టి తలూపాడు.

"పోయినేడు హాలిగన్ లోయ చీటీ నాది. లోయలో నేను తప్ప ఎవరూ లేరనుకున్నాను. ఉండకూడదు కూడా. నువ్వు గట్టు దాటి వచ్చావని నాకెలా తెలుస్తుంది? ఆ పొద్దున రంకె విన్నాను. మంచి రంకె. ముసలి దుప్పి, గొంతు బొంగురుపోయింది అనుకున్నాను. జవాబిచ్చాను. అది జవాబిచ్చింది. నేను పుల్ల విరిస్తే అదీ విరిచింది. నువ్వు చెప్పావే, నువ్వేం చేస్తే అది చేసే జంతువని. నాకూ అలాగే అనిపించింది. అయినా ముందుకెళ్లాను. ఎందుకంటే ఆశ. అంత పెద్ద రంకె నేనెప్పుడూ వినలేదు."

"నేను... నారింజ రంగు చొక్కా..." అన్నాడు డెస్.

"లేదు. మనిషని దూరానికే తెలియడానికి వేసుకునే ఆ చొక్కా నీ ఒంటి మీద లేదు."

"తడి నేల... దాన్ని కింద పరుచుకుని కూర్చున్నాను."

"బురదగుంట అవతల పొద కదిలింది. తుపాకీ ఎత్తాను. తుపాకీ మీది దుర్బీనులో గోధుమరంగు బొచ్చు కనిపించింది. నీ ఉన్నికోటు. అంతే కనిపించింది, మెడా తలా ఏదీ లేదు, ఒక బొచ్చు ముక్క. రంకె వచ్చింది అక్కణ్నుంచే. పొద కదిలింది అక్కడే. నువ్వు ఇప్పుడు ఇతనికి చెప్పిన రెండూ అయ్యాయి. సేఫ్టీ గడియ తీశాను. వేలు ట్రిగ్గర్ మీద పెట్టాను. ఊపిరి వదిలాను. డెస్, ఊపిరి వదిలాక ఇంక మిగిలేది ఏమిటో నీకు తెలుసు."

ఎల్లిస్ లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో అతనికే తెలీదనుకుంటా.

"అప్పుడు ఆ బొచ్చు మాట్లాడింది," అన్నాడు హెనారే.

"ఏంటి?" అంది మొయిరా.

"మాట్లాడింది. చిన్నగా, తనలో తను. పద్దెనిమిది మొనలంటే నమ్ముతారు, అంది. ఇరవై అన్నామంటే మొయిరా నవ్వుతుంది. పోనీ ఇరవై అని మొదలెట్టి, వాళ్లు నవ్వితే పద్దెనిమిదికి దిగుదాం, అంది. కంటితో దుప్పిని ఇంకా చూడనే లేదు వీడు! షెడ్డులో మనకి ఎలా చెప్పాలో అక్కడ కూర్చుని బేరమాడుకుంటున్నాడు."

మొయిరా చేత్తో నోరు మూసుకుంది. ముందు నవ్వొచ్చింది ఆమెకి, నాకూ వచ్చింది, ఇద్దరం మింగేశాం.

"వేలు తీశాను. ఎలా తీశానో తెలీదు. మోకరిల్లింది నిజమే డెస్. నువ్వు అబద్ధం చెప్పలేదు. కూలబడి, బురదలో తల పెట్టి కక్కుకున్నాను. నిన్ను పిలుద్దామంటే గొంతు లేదు. వెనక్కి వెనక్కి నడిచొచ్చేశాను. ఆ రోజు నువ్వు ఒక్క నిమిషం నోరు మూసుకుని ఉంటే, బ్రిడీ దగ్గరికి వచ్చి ఆ మాట చెప్పాల్సింది నేను. ఏడాదిగా రోజూ ఆ మాట చెప్తూనే ఉన్నాను, కలలో."

వాన తగ్గింది. ఎప్పుడు తగ్గిందో ఎవరం చూడలేదు.

ఎల్లిస్ అడిగాడు. "మామా, నువ్వూ తుపాకీ ఎత్తావా? ఇతని వైపు?"

డెస్ టీ కప్పు పక్కకి జరిపాడు.

"ఎత్తాను."

"మరి?"

"చేతులు వణికాయిరా. సేఫ్టీ తియ్యడానికే రాలేదు. మూడుసార్లు ప్రయత్నించాను. భయమేసింది. మోకాళ్లకి కాదు, నాకే." తలెత్తి హెనారే వైపు చూశాడు. "తల దించుకుని కూలబడ్డావు చూడు, అప్పుడు కూడా నా తుపాకీ నీ మీదే ఉంది. దుప్పి అలా కూలబడదని నాకు తెలుసు. తెలిసి కూడా దుప్పే అనుకున్నాను. కాదనుకుంటే ఏమవుతుందో అనుకోలేక."

హెనారే చెవి మీద సిగరెట్టు తీసి, విరిచి, డెస్‌కి సగం ఇచ్చాడు. వెలిగించుకోకుండా ఇద్దరూ వేళ్ల మధ్య పట్టుకుని నిలబడ్డారు.

మొయిరా గుమ్మం దగ్గరికి పోయి చూసింది. కొండ నడుము దాకా బయటపడింది, మబ్బు పైకి పోతోంది. "ఇప్పుడైతే దింపగలను," అంది. "ఇంకాసేపైతే చెప్పలేను. మీ ఇష్టం."

"వద్దు," అన్నాడు డెస్. "నేను రాను. అల్లుడూ, సామాను దింపించు, ఇంటికి పోదాం. బ్రిడీకి నేను చెప్పుకుంటాను."

ఎల్లిస్ తన కొత్త తుపాకీని చూశాడు. కొండ వైపు చూశాడు. అతనికి భయంగా ఉంది, దాచుకోవాలని కూడా చూడలేదు. తుపాకీ తీసుకెళ్లి మొయిరా ఇనప బీరువాలో పెట్టాడు.

"ఇద్దరికీ కలిపి ఒక్క తుపాకీ చాలు," అన్నాడు. "నీది తీసుకెళ్దాం మామా. అదైతే వణికే చేతుల్లో ఉంటుంది, నాకు ధైర్యం. పక్కపక్కనే కూర్చుందాం. మెడా తలా కాళ్లూ మొత్తం కనిపించేదాకా కాల్చొద్దు. దుప్పి రాకపోతే రాకపోనీ. నేను వచ్చింది దుప్పి కోసం కాదు, నువ్వు తిరిగి రావాలని. అయితే ఒక షరతు."

"ఏంటి?"

"కొండ మీద ఉన్నంతసేపూ నువ్వు నోరు ముయ్యకూడదు. నన్ను ఏమైనా తిట్టు. ఏ కోతైనా కొయ్యి. ఆపకు."

డెస్‌కి నవ్వు రాలేదు. "అలా వాగితే ఒక్క దుప్పి కూడా రాదురా అల్లుడూ."

"తెలుసు," అన్నాడు ఎల్లిస్.

హెనారే నారింజ రంగు చొక్కా తెచ్చాడు. డెస్ చేతులు పట్టుకుని, పిల్లాడికి తొడిగినట్టు తొడిగి, మెడ దాకా ఒక్కో గుండీ పెట్టాడు. డెస్ గడ్డం ఎత్తి పట్టుకుని ఓపిగ్గా నిలబడ్డాడు.

"నువ్వూ రారాదూ," అన్నాడు డెస్.

"ఈ ఏడు వద్దులే."

వాళ్లు ఎక్కారు. రెక్కలు తిరిగాయి. హెనారే వల కొక్కెం తగిలించి, వంగి బయటికి పరుగెత్తుకొచ్చి నా పక్కన నిలబడ్డాడు. హెలికాప్టర్ లేస్తుంటే తల ఎత్తకుండా బూట్ల వైపే చూస్తున్నాడు. తుపాకీతో కొండకి ఎవరు పోతున్నా ఈ ఏడాదంతా అతను అలాగే చేశాడు, అది నేను అప్పుడే గమనించాను.

"వాగుతున్నాడా?" అని అడిగాడు.

అద్దంలోంచి డెస్ కనిపించాడు. ముందు కాసేపు కొండ వైపు చూస్తూ ఊరికే కూర్చున్నాడు. ఎల్లిస్ మోచేత్తో పొడిచాడు. డెస్ అతని వైపు తిరిగాడు. ఒక చెయ్యి లేచింది, రెండోది లేచింది, రెండూ దూరం దూరం జరిగాయి, అంత దూరం ఏ దుప్పి కొమ్ములకీ ఉండదు.

"వాగుతున్నాడు," అన్నాను.

అప్పుడు హెనారే తలెత్తి పైకి చూశాడు.